రిలీవర్ కోసం కూర్చున్న మనిషి

2025 వేసవి. దుర్గ్ కోర్టులో నేను క్రిమినల్ కేసులు చూడడం మొదలుపెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఉండేది భిలాయిలో, వైశాలి నగర్‌లో. తొమ్మిదిన్నరకి స్కూటీ తీస్తే పదింటికల్లా కోర్టు ఆవరణలో నా టేబులు దగ్గర ఉంటాను. రేకుల షెడ్డు కింద ఒక చెక్క టేబులు, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీ చువ్వకి గొలుసేసి కట్టిన ఇనప పెట్టె. నా ఆఫీసంటే అదే. వకీళ్ళంటే నల్లకోటు, గంభీరమైన వాదనలు అనుకునేవాళ్ళు ఒక్క ఎండాకాలం ఆ రేకుల కింద నాతో కూర్చుంటే చాలు, ఆ భ్రమ కరిగి కాలవలో కలిసిపోతుంది.

మా నాన్న ఇక్కడి ఉక్కు ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటరు. విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చి, రుఆబాంధా క్వార్టర్లో మమ్మల్ని పెంచాడు. ఆయన పోయి ఏళ్ళయినా, మన తెలుగువాళ్ళకి నేను ఇప్పటికీ 'క్రేన్ పైడిరాజు కూతురు' అనే. కొడుకు మీద కేసయినా, కిరాయిదారుతో తగువైనా, ఏదో సర్కారీ కాయితం వచ్చి చదవడం రాకపోయినా నా టేబులు దగ్గరికే వస్తారు. సగం మందికి కేసే ఉండదు, భయం ఉంటుంది. ఆ భయాన్ని విప్పి చూసి, ఇందులో ఏమీ లేదు, ఇంటికి పో అని చెప్పడం కూడా నా పనే.

ఆ బుధవారం పొద్దున టిఫిన్ క్యారియర్ చేత్తో పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. పేరు సునీత. మరోదాలో ఉంటుంది. పుట్టింది ఇక్కడే కాబట్టి తెలుగు కంటే హిందీ నోటికి ముందొస్తుంది.

"దీదీ, ఒక ఛోటా సా పని. మా మావయ్యగారికి వీపు ఆన్చుకునే కుర్చీ ఒకటి ఇమ్మని కోర్టు నుంచి రాయించగలరా? ఆయనకి నడుంనొప్పి. ఆ బెంచీకి వెనక ఆసరా లేదు."

"ఏ బెంచీ?"

"ఠాణాలోది."

నా పెన్ను ఆగిపోయింది. "ఠాణాలో ఎందుకున్నారు? అరెస్ట్ చేశారా?"

"నై దీదీ, అరెస్ట్ కాదు. బస్, బిఠాయా హై. సోమవారం పొద్దున్నించి."

బిఠాయా హై. కూర్చోబెట్టారు. ఈ మాట మా వైపు ఎంత మామూలో చెప్పలేను. అరెస్ట్ అంటే ఇంటిల్లిపాదీ గుండెలు బాదుకుంటారు. కూర్చోబెట్టారంటే మాత్రం, ఆసుపత్రిలో నంబరు కోసం కూర్చోబెట్టినంత తేలిగ్గా చెప్తారు.

విషయం ఇది. ఆమె భర్త రమేష్‌కి ఒక పికప్ బండి ఉంది, కిరాయికి తోలుతాడు. ముందటి వారం ఎవరో తుక్కు వ్యాపారి సరుకు ఎక్కించాడు. అందులో దొంగిలించిన రాగి కేబుల్ ఉందని తర్వాత తేలింది. బండి నంబరు పట్టుకుని పోలీసులు ఫోన్ చేశారు. రమేష్ భయపడి, ఫోన్ ఆపేసి, విజయనగరం దగ్గర మేనమామ ఇంటికి పారిపోయాడు. తెలివి తక్కువ పని, కానీ భయస్థుడు చేసే పనే. సోమవారం పోలీసులు ఇంటికొచ్చి, కొడుకు దొరక్క తండ్రిని తీసుకుపోయారు. పేరు అప్పలస్వామి, వయసు అరవై ఏడు, ప్లాంట్‌లో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. 'బేటా వచ్చేదాకా బాప్ ఇక్కడే కూర్చుంటాడు' అన్నారట.

"పడుకోవడం ఎక్కడ?"

"ఆ బెంచీ మీదే. కానీ బాగానే చూస్తున్నారు దీదీ. లాకప్‌లో పెట్టలేదు. చాయ్ ఇస్తున్నారు. నేను తెచ్చిన అన్నం తిననిస్తున్నారు. నల్లా దగ్గరికి వెళ్తే సిపాయి ఒకడు వెంట వెళ్తాడు, అంతే."

నాకు ఒళ్ళు మండింది. నా కోపం సంగతి మా ఇంట్లోవాళ్ళకే కాదు, కోర్టు క్యాంటీన్ వాడికి కూడా తెలుసు. "అంతేనా? అంతే అంటావేంటమ్మా! మీ మావయ్యని మూడు రోజులుగా బంధించి ఉంచితే నువ్వు కుర్చీ అడుగుతావా?" అని అరిచాను. పాపం, ఆ పిల్ల క్యారియర్ని గుండెలకి హత్తుకుని బిక్కచచ్చిపోయింది. నాలుక కరుచుకుని కూర్చోమన్నాను. నీళ్ళిచ్చాను.

నిర్బంధం అంటే తాళం, చువ్వలు, సంకెళ్ళు కావాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. తలుపు బార్లా తెరిచి ఉన్నా, మనిషి లేచి వెళ్ళడానికి వీల్లేదంటే అది నిర్బంధమే. బంధించారంటే దానికో కారణం ఉండాలి, ఆ కారణం ఆ మనిషికి చెప్పాలి. అరెస్ట్ మెమో అనే కాయితం రాసి సాక్షి సంతకం తీసుకోవాలి. ఇంటివాళ్ళకి తెలియజేయాలి. వకీలుని కలవనివ్వాలి. ప్రయాణానికి పట్టే సమయం కాకుండా ఇరవై నాలుగు గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం ఇరవై రెండో అధికరణం. ఇవన్నీ తప్పు చేశాడని అనుమానం ఉన్నవాడికి. అప్పలస్వామి మీద ఆ అనుమానం కూడా లేదు. కొడుకు బదులు తండ్రిని పట్టుకుని కూర్చోబెట్టే వీలు ఏ చట్టంలోనూ లేదు. అసలు అరవై దాటిన మగవాణ్ణి సాక్షిగా ప్రశ్నలడగాలన్నా పోలీసులే అతని ఇంటికి వెళ్ళాలని, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త సంహిత నూట డెబ్భై తొమ్మిదో సెక్షన్ చెబుతుంది. తనంతట తానే ఠాణాకి వస్తానంటే మాత్రం రావచ్చు. ఈ చివరి వాక్యం నా కొంప ముంచబోతోందని అప్పుడు నాకు తెలీదు.

పదకొండింటికి సునీతని స్కూటీ వెనక ఎక్కించుకుని ఠాణాకి వెళ్ళాను. ఏ ఠాణా అన్నది ఇక్కడ అనవసరం. ఇన్‌ఛార్జి నలభై లోపు మనిషి, మర్యాదస్తుడు. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. రోజ్‌నామ్‌చా, అంటే ఠాణాలో ఎవరొచ్చినా పోయినా రాసే దినచర్య పుస్తకం, అందులో అప్పలస్వామి గురించి ఏం రాశారని అడిగాను.

"ఏమీ రాయలేదు మేడమ్ జీ. రాయడానికేముంది? మేం ఎవర్నీ పట్టుకోలేదు. ఆయనంతట ఆయన కూర్చున్నాడు. కావాలంటే ఆయన్నే అడగండి."

వరండాలో, గోడకి దూరంగా వేసిన బెంచీ మీద అప్పలస్వామి కూర్చుని ఉన్నాడు. వీపు నిటారుగా, చేతులు మోకాళ్ళ మీద. మాసిన తెల్లచొక్కా అయినా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. జేబులో పెన్ను. మూడు రోజుల గడ్డం. ఎదురుగా గోడ గడియారం తప్ప చూడ్డానికేం లేదు.

"ఎవులమ్మా నువ్వు? వకీలువా? నాకెందుకమ్మా వకీలు? నానేటి దొంగతనం చేసినానా?"

"బాబాయ్, నేను క్రేన్ పైడిరాజు కూతుర్ని."

మొహం విప్పారింది. "ఓలమ్మ! పైడిరాజు కూతురివా! నీ బాబూ నానూ ఒకే బస్సులో డ్యూటీకెల్లీవోలం. ఎంత పెద్దదానివైపోనావమ్మా."

"బాబాయ్, మిమ్మల్ని ఇక్కడ ఉంచే హక్కు వీళ్ళకి లేదు. లేవండి, ఇంటికి వెళ్దాం."

"నానెలా వస్తానమ్మా? రమేసు రానేదు కదా."

"రమేష్ వస్తే రమేష్ సంగతి చూసుకుంటారు. మీకేటి సంబంధం?"

ఆయన నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశాడు. "పైడిరాజు కూతురివి, నీకు తెల్దేటి? రిలీవర్ రాకుండా పోస్టు వదిలీసి ఎవులైనా ఎల్లిపోతారేటి? ముప్పై నాలుగేళ్ళు కోక్ ఓవెన్స్‌లో చేసినాను. ఒక్కపాలి వదల్నేదు. ఆడొచ్చే వరకూ నాను కూకుంటానని సాబ్‌కి మాటిచ్చినాను."

రిలీవర్ సంగతి ప్లాంట్ ఊళ్ళో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ళకి చెప్పాలి. కోక్ ఓవెన్‌కి, బ్లాస్ట్ ఫర్నేస్‌కి పగలూ రాత్రీ తేడా లేదు, పండగ లేదు. ఒక షిఫ్టు మనిషి దిగాలంటే తర్వాతి షిఫ్టు మనిషి, అదే రిలీవర్, వచ్చి ఆ చోట నిలబడాలి. రాకపోతే రెండో షిఫ్టు కూడా ఇతనే చెయ్యాలి. మా నాన్న అలా పదహారు గంటలు చేసి, బూట్లు విప్పకుండానే మంచం మీద వాలిపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. అది శిక్షని ఆయన ఏనాడూ అనుకోలేదు. గర్వంగా చెప్పుకునేవాడు. అప్పలస్వామి కూడా ఠాణా బెంచీని అలాంటి పోస్టనే అనుకున్నాడు. కొడుకు రిలీవర్. వాడొచ్చేదాకా దిగకూడదు. దొంగతనం కేసులో దొంగ కానివాణ్ణి పట్టుంచడానికి, ప్లాంట్ నేర్పిన క్రమశిక్షణ తాడయింది.

అక్కడ నేను చేసిన తప్పు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. నిదానంగా మాట్లాడాల్సింది పోయి, సెక్షన్లు ఏకరువు పెట్టాను. గొంతు పెంచాను. ఇన్‌ఛార్జి వైపు తిరిగి, హైకోర్టులో హేబియస్ కార్పస్ వేస్తానన్నాను. అంటే, బంధించిన మనిషిని తెచ్చి కోర్టు ముందు నిలబెట్టమని అడిగే పిటిషను. ఆయన ఏమీ కోప్పడలేదు. జేబులోంచి ఫోన్ తీసి, వీడియో పెట్టి, అప్పలస్వామి ముందు వంగాడు.

"బాబా, మీరు మీ మర్జీతోనే కూర్చున్నారు కదా?"

"హా సాబ్. అప్నీ మర్జీ సే."

తన ఇష్టంతోనేనట. ఇన్‌ఛార్జి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. చచ్చాను రా దేవుడా అనుకున్నాను. ఆ సాక్ష్యం పుట్టించింది నేనే. నేను వెళ్ళి గోల చెయ్యకపోతే ఆ వీడియో ఉండేదే కాదు.

అది చాలదన్నట్టు సునీత మెల్లగా కుర్చీ సంగతి ఎత్తింది. "అరే, ముందే చెప్పొచ్చుగా బేటీ!" అని ఇన్‌ఛార్జి వెంటనే తన గదిలోంచి ఒక కుర్చీ తెప్పించాడు. చేతులున్నది, వీపుకి ఆసరా ఉన్నది. అప్పలస్వామి అందులోకి మారి, వెనక్కి వాలి, "అమ్మయ్య" అన్నాడు. సునీత కళ్ళు తుడుచుకుని దండం పెట్టింది. ఆ కుర్చీని చూస్తే నాకు మాత్రం ఏడుపొచ్చింది. వాళ్ళు అడిగింది అంతే, దొరికింది అంతే. ఇంక ఆ మనిషి అందులో నెలరోజులైనా కూర్చుంటాడు.

కోర్టుకి తిరిగొచ్చాక భోజనానికి రానని అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకి నా గొంతు వింటే చాలు, ఎక్కడో దెబ్బ తిన్నానని తెలిసిపోతుంది. ఏటయింది అని అడిగింది. చెప్పాను. రిలీవర్ అనగానే నవ్వింది.

"మీ నాన్నా అంతే కదే. ఇల్లు కాలిపోతన్నాదన్నా దిగీవోడు కాదు. ఒక్కపాలి మాత్రం రిలీవర్ రాకుండా వచ్చీసినాడు. నువ్వు పుట్టిన రోజు."

"ఎలా వచ్చాడు మరి?"

"ఎలాగేటి, షిఫ్ట్ ఇన్‌ఛార్జి చీటీ రాసిచ్చినాడు. ఆ చీటీ జేబులో పెట్టుకునే ఆసుపత్రికి వచ్చినాడు. నిన్నెత్తుకునే ముందు నాకదే చూపించినాడు, నాను వదిలీసి రానేదు, సంతకముంది సూడూ అని."

నేను ఫోన్ పెట్టేశాను. దారి ఉంది. అప్పలస్వామికి నా సెక్షన్లు అక్కర్లేదు. తనని కూర్చోబెట్టినవాడి కంటే పైవాడి సంతకం కావాలి. చట్టంలో ఆ పైవాడు ఎవరో నాకు తెలుసు.

హైకోర్టు బిలాస్‌పూర్‌లో ఉంది. ఈ రోజుకి ఈ రోజు అయ్యే పని కాదు. కానీ సంహితలో నూరో సెక్షన్ ఉంది. ఒక మనిషిని నేరమయ్యే పద్ధతిలో బంధించి ఉంచారని మేజిస్ట్రేట్‌కి నమ్మకం కలిగితే, వెతికి తెమ్మని సర్చ్ వారెంట్ ఇవ్వచ్చు. సర్చ్ వారెంట్ అంటే దొంగసొత్తు కోసమే అనుకుంటారు. మనిషి కోసం కూడా ఉంది. పాత చట్టంలోనూ ఉండేది. చాలామంది వకీళ్ళు వాడరు, ఠాణా మీద వాడడానికి మరీ జంకుతారు. నేను సునీత చేత అఫిడవిట్ రాయించి, రెండున్నరకి మేజిస్ట్రేట్ ముందు నిలబడ్డాను.

మేజిస్ట్రేట్ చిన్న వయసు ఆవిడ, బదిలీ మీద వచ్చి ఏడాది కాలేదు. తక్కువ మాట్లాడుతుంది. నేను దాచకుండా చెప్పేశాను. "మేడమ్, ఆయన తన ఇష్టంతో కూర్చున్నానని చెప్పిన వీడియో వాళ్ళ దగ్గర ఉంది. నా కళ్ళముందే చెప్పాడు."

ఆవిడ కళ్ళద్దాల మీంచి చూసింది. "మరి నన్నేం చెయ్యమంటారు?"

"ఆయన్ని ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు మేడమ్. నేను కూడా అడగలేదు. ఎందుకు కూర్చున్నావని అందరం అడిగాం. లేచి వెళ్తానంటే వెళ్ళనిస్తారా అని అడగలేదు. అరవై ఏడేళ్ళ మనిషి, ఏ కేసులోనూ పేరు లేదు, రోజ్‌నామ్‌చాలో ఒక్క అక్షరం లేదు, రెండు రాత్రులు ఠాణాలో పడుకున్నాడు. ఆ ప్రశ్న ఠాణా వరండాలో అడిగితే జవాబు వేరు, ఇక్కడ అడిగితే వేరు."

ఆవిడ అఫిడవిట్ ఇంకోసారి చదివింది. సునీత నా కోటు అంచు పట్టుకుని నిలబడింది. చివరికి ఆవిడ, "అయితే ఇక్కడే అడుగుదాం" అని కలం తీసింది. వారెంట్ తన కోర్టు ఉద్యోగి పేరు మీదే రాయించింది, కోర్టు లేచేలోపు మనిషిని తన ముందుకి తేవాలని.

మూడున్నరకి ముగ్గురం ఠాణా మెట్లెక్కాం. కోర్టు ఉద్యోగి కాయితం చూపించగానే ఇన్‌ఛార్జి మొహంలో రంగు మారింది. కానీ అడ్డు చెప్పలేదు. అసలు అడ్డం అప్పలస్వామే.

"రమేసు వచ్చినాడేటి?"

"రాలేదు బాబాయ్."

"మరి నానెలా లెగుతాను?"

ఈసారి గొంతు పెంచలేదు. కుర్చీ పక్కన నేల మీద గొంతుక్కూర్చున్నాను. "బాబాయ్, రిలీవర్ రాకపోతే షిఫ్ట్ ఇన్‌ఛార్జి చీటీ రాసిస్తే దిగొచ్చు కదా? నేను పుట్టిన రోజు మా నాన్న అలాగే దిగాడు."

"ఆఁ, దిగొచ్చు. చీటీ ఉంటే దిగొచ్చు."

"ఈ ఠాణా సాబ్ మీద ఇంకో పెద్ద ఉన్నారు. మేజిస్ట్రేట్. ఇది ఆవిడ రాసిచ్చిన చీటీ."

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. కాయితం తీసుకుని ముందు కింద చూశాడు. ముద్ర. సంతకం. సంతకం మీద వేలు పెట్టి తడిమాడు. తర్వాత కుర్చీ చేతులమీద బరువు మోపి లేచాడు. లేచి అటూ ఇటూ చూసి, వరండా చివర రాసుకుంటున్న హెడ్ కానిస్టేబుల్ దగ్గరికి వెళ్ళి, చాలా పద్ధతిగా, "మై జా రహా హూఁ సాబ్. కుర్చీ ఇక్కడే ఉంది, గిలాసు ఇక్కడే ఉంది, చూసుకోండి" అన్నాడు. ఛార్జి అప్పగించాడన్నమాట! ఆ హెడ్ కానిస్టేబుల్ నోరు తెరిచి, తల ఊపాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

దారిలో ఆయనకి నేను ఒక్క మాట కూడా నేర్పలేదు. నేర్పాలనిపించింది, అబద్ధమాడను. ఇంత దూరం వచ్చాక 'అప్నీ మర్జీ సే' అన్నాడంటే కేసు అక్కడే పోతుంది, ఇన్‌ఛార్జి ఆయన్ని మళ్ళీ అదే కుర్చీలో కూర్చోబెడతాడు. కానీ నేర్పితే, ఇష్టం ఎవరిదన్న ప్రశ్నలో నేనూ ఇంకో ఇన్‌ఛార్జినే అవుతాను. నోరు మూసుకుని కూర్చున్నాను. నా జీవితంలో అంత కష్టపడి మూసుకున్నది అప్పుడే.

కోర్టులో సర్కారీ వకీలు వీడియో చూపించాడు. కుర్చీ కూడా ఇచ్చాం మేడమ్ అన్నాడు. మేజిస్ట్రేట్ అంతా విని, అప్పలస్వామిని దగ్గరికి రమ్మంది.

"బాబా, మీ ఇష్టంతోనే కూర్చున్నారా?"

"హా మేడమ్."

సర్కారీ వకీలు ఫైలు మూసేశాడు.

"సరే. లేచి వెళ్తానంటే వెళ్ళనిచ్చేవారా?"

ఆయన చేతులు కట్టుకుని నేల చూశాడు. తర్వాత ప్లాంట్‌లో నేర్చుకున్న తన హిందీలో చెప్పిందాన్ని నేను తెలుగులో రాస్తున్నాను.

"నిన్న నాకు షుగర్ చెకప్ ఉంది మేడమ్. ప్లాంట్ ఆసుపత్రిలో నంబరు రాయించుకున్నాను. గంటలో వచ్చేస్తానని చెప్పి లేచాను. ఒక సిపాయి నా భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కాడు. గట్టిగా కాదు, మెల్లగానే. కూర్చో ముసలోడా అన్నాడు. కూర్చున్నాను." ఆగి, గొంతు సవరించుకున్నాడు. "కూర్చోవడం నా ఇష్టమే మేడమ్. కానీ ఆ తర్వాత లేవడం నా ఇష్టం కాదు."

నా పక్కన సునీత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. రెండు పూటలా అన్నం పట్టుకెళ్ళిన కోడలికి కూడా ఆ చెయ్యి సంగతి ఆయన చెప్పలేదు. మేజిస్ట్రేట్ ఆ జవాబు రాసుకుంది. తర్వాత తలెత్తి, "బాబా, మీ అబ్బాయి బదులు మీరు కూర్చోవాలని ఏ చట్టంలోనూ లేదు. మీరు ఇంటికి వెళ్ళండి" అంది. వెనక్కి వాలి, అలవాటు లేని పనిలా చిన్నగా నవ్వింది కూడా. పై అధికారి విచారించి నివేదిక ఇవ్వాలని, కొడుకు సంగతి చట్టప్రకారం కొడుకుతోనే తేల్చుకోవాలని ఉత్తర్వు రాయించింది. పద్దెనిమిదేళ్ళలో ఆ గదిలో ఎన్నో ఉత్తర్వులు విన్నాను. ఇలా ఏడ్చింది లేదు. కోటు జేబులో రుమాలు కూడా లేకపోయింది.

బయట మెట్ల మీద అప్పలస్వామిని అడిగాను. "ఆ చెయ్యి సంగతి పొద్దున నాకు చెప్పలేదేం బాబాయ్?"

"సిగ్గేసిందమ్మా. ముప్పై నాలుగేళ్ళు అగ్గి దగ్గర నిలబడ్డాను. నా భుజమ్మీద అలాగ చెయ్యేసినోడు ఒక్కడూ నేడమ్మా. డ్యూటీయే అని నన్ను నానే నమ్మించుకున్నాను. డ్యూటీ కాకపోతే అదేటవుతాది, చెప్పు?"

ఆయన చెప్పింది నా సెక్షన్ల కంటే లోతు.

ఆ సాయంత్రమే రమేష్‌తో మాట్లాడాను. నాన్నని వదిలేశారని తెలిశాక గానీ వాడి గొంతులో వణుకు తగ్గలేదు. శుక్రవారం విశాఖ రైల్లో దిగాడు. నేనే వెంట తీసుకెళ్ళాను. ఏడేళ్ళకి మించని శిక్ష ఉన్న నేరాల్లో, అరెస్టు అవసరం లేనప్పుడు, ఫలానా రోజు వచ్చి హాజరవమని ముప్పై అయిదో సెక్షన్ కింద నోటీసు ఇస్తే చాలు. అదే ఇన్‌ఛార్జి, అదే మర్యాద. ఈసారి రోజ్‌నామ్‌చాలో రాశాడు, నోటీసిచ్చాడు, సంతకం తీసుకున్నాడు. ముప్పావుగంటలో బయటికొచ్చాం. వరండా చివర కుర్చీ గోడకి ఆనించి ఉంది. గేటు బయట అప్పలస్వామి కొడుకు కోసం చూస్తున్నాడు. వాణ్ణి కొట్టలేదు, కావలించుకోలేదు. "నీ పోస్టు నువ్వు సూసుకో. నాది నాను దిగిపోనాను" అన్నాడు, అంతే. చివరికి రమేష్ ఆ కేసులో ముద్దాయి కాలేదు, సరుకు ఎక్కించినవాణ్ణి గుర్తుపట్టిన సాక్షి అయ్యాడు. ఇన్‌ఛార్జికి మందలింపు వచ్చిందని విన్నాను. ఎదురుపడితే ఇప్పటికీ నాకు నమస్కారం పెడతాడు, నేనూ పెడతాను.

అప్పటినుంచి నా టేబులు దగ్గరికి ఎవరొచ్చినా నేను 'అరెస్ట్ చేశారా' అని మొదలుపెట్టడం మానేశాను. లేచి రాగలడా అని అడుగుతాను. రాలేడంటే మిగతాదంతా తర్వాత. ఇంకోటి కూడా నేర్చుకున్నాను, అది కాస్త ఆలస్యంగా, ఆయన వల్లే. బంధించినవాళ్ళతో పోట్లాడడం సులువు. బంధం తన ఇష్టమే అనుకుంటున్న మనిషికి, అతని పరువు పోకుండా, లేవడానికి ఒక కారణం చూపించడం కష్టం. ఆ కారణం చట్టపుస్తకంలో దొరికింది గానీ, దాని చిరునామా మా అమ్మ చెప్పింది.

మొన్న చలికాలం ఒక మధ్యాహ్నం అప్పలస్వామి ఫోన్ చేశాడు. మరోదాలో ఒక కూలీ ఆవిణ్ణి, తమ్ముడు దొరకలేదని, పొద్దున్నించి ఠాణాలో కూర్చోబెట్టారట. "నాను ముందెల్తన్నాను. నువ్వు కాయితాలట్టుకుని రా అమ్మా."

నేను వెళ్ళేసరికి గంట పట్టింది. ఈ లోపలే ఏదో అయినట్టుంది. ఆవిడ గేటు బయట ఆటో ఎక్కుతోంది. లోపల అప్పలస్వామి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఇన్‌ఛార్జి టేబులు ముందు నిలబడి ఉన్నాడు. ఏం కాయితం మీద ఉంచారు, ఆవిడ లేచి వెళ్ళొచ్చా, అని ఆ రెండే అడిగాడట. అడిగినవి అడిగినట్టే అడుగుతూ గంటసేపు అక్కడే నిలబడ్డాడట. ఇన్‌ఛార్జి కొత్తవాడు, ఎవరీయన అన్నట్టు నావైపు చూశాడు. తర్వాత, పెద్దాయన కదా అని, పక్కనున్న కుర్చీ జరిపాడు. వీపుకి ఆసరా ఉన్నదే.

"బైఠియే బాబా."

"నై సాబ్" అన్నాడు అప్పలస్వామి. "నిలబడే ఉంటాను."